రెండు కన్యాశుల్కాల నడుమ పన్నెండేళ్లు

పగటి వేషాలవాళ్లు ఊళ్లోకి దిగితే ఒక్కపూటతో పోయేవాళ్లు కారు. గుడి మండపంలోనో సత్రంలోనో మకాం పెట్టి, రోజుకొక వేషం కట్టి, వీధివీధీ తిరిగేవాళ్లు. ఒకనాడు సోమయాజులూ సోమిదేవమ్మా, మర్నాడు కోమటి, ఆ తర్వాత ఎరుకలసాని, బుడబుక్కలవాడు, ఫకీరు. కోమటి వేషగాడు నిజం కోమటి కొట్టు ముందే నిలబడి తూకం మీదా వడ్డీ మీదా హాస్యమాడేవాడు. సోమయాజుల వేషం అగ్రహారం వీధిలోనే నడిచేది. కూచిపూడి నుంచి వచ్చి ఆ వేషం కట్టినవాళ్లు తామూ బ్రాహ్మలే. వేషాలన్నీ అయ్యాక చివరి రోజున సంభావనలకు బయలుదేరేవాళ్లు. ఎవరిని వెక్కిరించారో ఆ గుమ్మంలోకే వెళ్లి చెయ్యి చాపాలి. బియ్యమో, డబ్బో, పాత పంచో ఆ ఇంటాయన చేత్తోనే రావాలి.

హాస్యం రాయడం మొదలుపెట్టిన పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ చివరి రోజు సంగతే. వేషగాడి చదువంతా అందులో ఉంది. తూకం మీద వేసిన మాటకు కొట్టు యజమాని నలుగురితోపాటు తనూ నవ్వేశాడంటే ఆ మాట నిలిచినట్టు. ముఖం ముడుచుకున్నాడంటే ఆ మాట మరీ నిజమైనా అయి ఉండాలి, బొత్తిగా నిజం కానిదైనా అయి ఉండాలి. ఈ రెంటికీ తేడా పసిగట్టలేనివాడికి మరుసటేడు ఆ ఊళ్లో ఆదరణ ఉండదు. తండ్రి వెనకాల తాళాలు పట్టుకుని నడిచే కుర్రవాడికి విమర్శ అంటే ఎవరో ఎక్కడో కూర్చుని రాసి పంపేది కాదు. మూడడుగుల దూరంలో ఎదుటివాడి ముఖంలో కనబడేది. అది చూస్తూ చూస్తూ మాట మార్చుకోవడం వాడికి నడకతోపాటే వచ్చేది.

నేను విజయనగరంలో కళాశాల పిల్లలకు తెలుగు చెప్పాను. ఆకాశవాణికి హాస్య నాటికలు రాశాను. పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత కూడా స్కిట్లు రాసే కుర్రవాళ్లు కాగితాలు పట్టుకుని ఇంటికి వస్తుంటారు. వాటిలో లావుపాటి భార్య ఉంటుంది, నత్తి మామ ఉంటాడు, నల్లగా ఉందని పెళ్లి కుదరని పిల్ల ఉంటుంది, శ్రీకాకుళం యాసలో మాట్లాడే పనిమనిషి ఉంటుంది. ఇదేమిటి బాబూ అంటే, "హాల్లో అందరూ నవ్వారు కదా మేడమ్" అంటారు. ఎవరో నొచ్చుకున్నారట కదా అంటే, "ఈ రోజుల్లో ఏం రాసినా మనోభావాలు దెబ్బతింటాయి మేడమ్, ఇంక హాస్యం ఎలా రాయాలి?" అంటారు. ఆ ప్రశ్న నాకు తేలిగ్గా కొట్టిపారేసేదిగా కనిపించదు. వాళ్లు అడిగింది నిజంగా తెలుసుకోవాలనే. జవాబు మాత్రం ఈ రోజుల్లో దొరకదు. వెనక్కి వెళ్లాలి.

కడప సీమలోని మాచుపల్లె కైఫియత్తులో, అంటే ఆ ఊరి పాత చరిత్ర దస్త్రంలో, ఒక కథ ఉంది. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలే సమ్మెట గురవరాజు పైకం రాబట్టడానికి ఆడవాళ్లను కూడా చిత్రహింసలు పెట్టేవాడు. అది కళ్లారా చూసిన కూచిపూడి భాగవతులు హంపీ విజయనగరం వెళ్లి, వీర నరసింహరాయల ముందు కేళిక పెట్టి, ఒకరు గురవరాజుగా, ఒకరు సేవకుడిగా, ఒకరు ఆడమనిషిగా వేషాలు కట్టి ఆ హింసను ఆడి చూపించారు. సంగతి అర్థమైన రాయలు సేనను పంపి గురవరాజును శిక్షించాడు. 16వ శతాబ్దం తొలి ఏళ్లనాటి ముచ్చట ఇది. వేషగాళ్లు ఆరోజు అనుకరించింది ఒక ప్రభువును. అతని పేరు మరుగుపెట్టలేదు. హింస పడే స్త్రీ వేషం కట్టినవాడు మాత్రం ఆమెను నవ్వులపాలు చెయ్యలేదు. చేసి ఉంటే రాయలవారు నవ్వి, బహుమానం ఇచ్చి పంపించేవారేమో. సేన కదిలేది కాదు.

అలాగని మన పాత హాస్యమంతా పెద్దమనిషి తరహా అని నేను అనను. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్య కేతిగాడూ, బంగారక్కా, జుట్టుపోలిగాడూ దూరారంటే పచ్చి బూతులే. తెల్లవార్లూ సాగే ఆటలో కునికిపాట్లు పడేవాళ్లను లేపడానికి అదొక ఉపాయం. మర్యాదస్తులైన విమర్శకులు దాన్ని ఈసడించుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ తెర మీద బంగారక్క మాట పడి ఊరుకునే మనిషి కాదు. జుట్టుపోలిగాడు ఒకటంటే ఆమె రెండంటుంది, తంతే తిరిగి తంతుంది. ఈనాటి స్కిట్లలో లావుపాటి భార్యకు అంత మాత్రం మాట కూడా ఇవ్వడం లేదు. ఆమె వచ్చి నిలబడుతుంది, అందరూ నవ్వుతారు, వెళ్లిపోతుంది.

అచ్చుయంత్రం వచ్చాక హాస్యకారుడికీ ఎదుటివాడికీ మధ్య దూరం పెరిగింది. రాసేవాడు ఒక ఊళ్లో, నొచ్చుకునేవాడు ఇంకో ఊళ్లో. ఆ దూరం నుంచి మొదటగా హాస్యం రాసిన తెలుగువాళ్లలో కందుకూరి వీరేశలింగం ముఖ్యుడు. 1874 అక్టోబరులో వివేకవర్ధని పత్రిక పెట్టేనాటికి ఆయన 26 ఏళ్ల బడిపంతులు. ఆ ఏడే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాడు. మద్రాసులో ఆంధ్రభాషా సంజీవని నడుపుతున్న కొక్కొండ వెంకటరత్నం పంతులుకు స్త్రీ విద్య గిట్టదు. ఆయన మహా పండితుడు, గ్రాంథికం మీద ప్రాణం పెట్టుకున్నవాడు. ఇద్దరికీ పడలేదు. సంజీవని వివేకవర్ధనిని ఎద్దేవా చేసింది, వివేకవర్ధని సంజీవనిని ఎద్దేవా చేసింది. పంతులు పోటీగా హాస్యవర్ధని పెడితే, వీరేశలింగం హాస్యసంజీవని పెట్టాడు. తెలుగులో మొదటి ప్రహసనంగా చెప్పుకునే బ్రాహ్మవివాహం అందులోనే అచ్చయింది. ముసలి పెళ్లికొడుకు మీద రాసిన ఆ ప్రహసనాన్ని జనం పెద్దయ్యగారి పెళ్లి అని పిలుచుకున్నారు. ప్లీడర్ల అక్రమాల మీద రాసిన వ్యవహార ధర్మబోధినిని 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ఆడించాడు. అది ప్లీడరు నాటకం అయింది. ఆ ఊరు కోర్టుల ఊరు. చూసేవాళ్లలో ప్లీడర్లూ ఉంటారు, వాళ్ల కక్షిదారులూ ఉంటారు.

వీరేశలింగం ప్రహసనాల్లో వెక్కిరింత పడ్డ మనిషికి నోరు లేదు. ముసలాయన ముసలాయనే, ప్లీడరు ప్లీడరే. తామే తమ దుర్మార్గాన్ని చెప్పుకుని పోతారు. నాటకంగా అది నాకు చాలదు. అయినా ఆయనకు ఒక అదృష్టం పట్టింది. ఎదురుగా సమానుడైన ప్రత్యర్థి ఉన్నాడు. రాసిన ప్రతి మాటకూ అచ్చులోనే బదులు వస్తుంది, అదీ తనకంటే ఎక్కువ చదువుకున్నవాడి నుంచి. మొదటి మెట్టు మీదున్న రచయితకు ఇంతకంటే గట్టి బడి ఉండదు. పైగా ఆయన నవ్వించి ఊరుకోలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించాడు. వెలి బెదిరింపులకు తన ఇంటినే ఎదురొడ్డాడు. పెద్దయ్యను నవ్వులపాలు చేసే హక్కు ఆయనకు అక్కడ దక్కిందని నా నమ్మకం.

ఇక మా ఊరు విజయనగరం. పూసపాటి ఆనంద గజపతి మహారాజు కన్యాశుల్కాన్ని ఆపించాలని మద్రాసు శాసనమండలిలో బిల్లు తెచ్చాడు, అది చట్టం కాలేదు. అంతకుముందు ఆయన ఒక పని చేయించాడు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయించాడు. 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకునేవాళ్లు. గురజాడ అప్పారావు తన నాటకం మొదటి కూర్పు పీఠికలో ఈ అంకెలు పెట్టాడు. హాస్య నాటకం ముందు ఈ పట్టిక చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆయన నవ్వించబోయేది ఊసుపోక కాదని, ఆ నవ్వు కింద లెక్కకట్టిన పసిపిల్లలున్నారని మొదటే చెప్పేశాడు.

1892 ఆగస్టులో కన్యాశుల్కం విజయనగరంలో ప్రదర్శించినప్పుడు అప్పారావుకు ఇంకా 30 నిండలేదు. 1897లో పుస్తకం వచ్చింది, మహారాజుకు అంకితంగా. సంఘ సంస్కరణకు తోడ్పడడానికీ, తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడానికీ రాశానని పీఠికలో చెప్పుకున్నాడు. విమర్శలు ఊహించినవే. వాడుక భాషలో నాటకమేమిటన్నారు. వేశ్యకు అంత చోటేమిటన్నారు. ఈ రెండో ఆక్షేపణ ఆయన పోయాక కూడా చాలాకాలం వినబడింది.

ఆయన ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం. భాష గురించి వచ్చిన మాటను ఒప్పుకోలేదు. రెండో కూర్పు పీఠికలో మళ్లీ వాదించాడు, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలోనూ అదే వాదన, ఇంకా గట్టిగా. మరుసటేడు చనిపోయేదాకా ఆ పట్టు విడవలేదు. శుల్కం పుచ్చుకునే అవధాన్ల మీద నవ్వును కూడా తగ్గించలేదు. కానీ నాటకాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచలేదు. మొదటి నుంచీ మళ్లీ రాశాడు. 1909లో వచ్చిన కన్యాశుల్కం ఏడంకాల పెద్ద నాటకం. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ అదే. ఆడి మెప్పించిన నాటకం, మహారాజు మెచ్చిన నాటకం, పేరు తెచ్చిన నాటకం. దాన్ని పక్కన పెట్టి మళ్లీ రాయడానికి ఎంత మనసు కావాలో రాసేవాళ్లకు తెలుస్తుంది.

ఆ వేశ్య మధురవాణి. మొదటి కూర్పులో ఆమెది చిన్న పాత్ర. ఆ రోజుల్లో సానిదాన్ని నాటకంలో పెట్టడమంటే నవ్వుకో, నీతికో ఒక బొమ్మను నిలబెట్టడమే. 1890ల్లో సంస్కర్తలు సానుల నాచ్ పార్టీలకు వెళ్లబోమని ప్రతిజ్ఞలు పట్టారు. ఉద్దేశం మంచిదే అయినా ఆ ఉపన్యాసాల్లో ఆ ఆడవాళ్లు మనుషులుగా కనబడరు. రెండో కూర్పులో గురజాడ ఆమెకు మాట ఇచ్చాడు. తనను ఉంచుకున్న గిరీశాన్ని, రామప్ప పంతుల్ని, ఆఖరికి నాచ్ వ్యతిరేకి అయిన సౌజన్యారావు పంతుల్ని కూడా ఆమె తన మాటతో నిలదీస్తుంది. నాటకంలో నవ్వించే హక్కు ఎక్కువగా ఆమె చేతికే వెళ్లింది. ఆక్షేపించినవాళ్లు ఆమెను తగ్గించమన్నారు, ఆయన పెంచాడు. ఇది మొండితనం కాదు. ఆక్షేపణలో ఉన్న అసలు లోపాన్ని, చెప్పినవాళ్లకు కూడా తెలియని లోపాన్ని ఆయన పట్టుకున్నాడని నేను అనుకుంటాను. ఆమె అంత చోటు ఆక్రమించాలంటే అందుకు తగిన మనిషి అయి ఉండాలి.

పూటకూళ్లమ్మను చూడండి. భోజనం పెట్టి బతికే వితంతువు మన హాస్యంలో ఎప్పటినుంచో చులకన పాత్ర. ఇక్కడ ఆమె చేతిలో చీపురు ఉంది. గిరీశం మీద కోపంతో వచ్చిన ఆమె దెబ్బ మంచం కింద దాగిన రామప్ప పంతులుకు తగులుతుంది. హాలంతా ఆమె పక్షాన నవ్వుతుంది. అసిరిగాడు ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్ల ఇంట్లో పాలేరు. వాడికి వాడి భాషే ఉంది, ఆ భాషలోనే యజమానిని ఆట పట్టిస్తాడు. వాడి యాస మీద ఎవరూ నవ్వరు, వాడి తెలివి మీద నవ్వుతారు.

ఇంతకంటే నన్ను కదిలించేది కరటక శాస్త్రి. ఆయన నాటకాల్లో విదూషకుడు, అంటే మన వృత్తివాడే. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపడానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాయనకే పెళ్లి చేస్తాడు. అద్భుతమైన హాస్యం. మామూలు ప్రహసనమైతే అక్కడితో తెర పడాలి. గురజాడ తెర వెయ్యలేదు. పెళ్లికూతురు మాయమయ్యేసరికి లుబ్ధావధాన్లు ఆమెను చంపేశాడని కేసు వచ్చి పడుతుంది. పిసినారి, పసిపిల్లను కొనబోయినవాడు, ఇంతసేపూ మనం కడుపారా నవ్వుకున్న ముసలాడు చెయ్యని హత్య కేసులో ఇరుక్కుని వణికిపోతాడు. వేళాకోళం చేసిన విదూషకుడు నిజం చెబితే తనకు ముప్పు అని వెనకాడతాడు. అప్పుడు ముడి విప్పేది మధురవాణి. తన హాస్యం ఎదుటివాడి ప్రాణం మీదికి వచ్చిందని తెలిశాక హాస్యగాడు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నను నాటకంలోనే పెట్టి, విదూషకుడి చేతనే తత్తరపడనిచ్చాడు. ఆ అంకం దగ్గర లుబ్ధావధాన్ల మీద నాకు జాలి కలిగి తీరుతుంది. శుల్కం మీద అసహ్యం మాత్రం పిసరంత కూడా తగ్గదు.

ఇంకొకటి కూడా చేశాడు. తన పక్షాన్ని తనే వెక్కిరించాడు. వితంతు వివాహం గురించి గంటలకొద్దీ ఉపన్యసించే గిరీశం, వితంతువు బుచ్చమ్మను లేపుకుపోవడానికి ఆ సంస్కరణనే వాడుకుంటాడు. సంస్కరణకు మేలు చెయ్యాలని రాసిన నాటకంలో దొంగ సంస్కర్తే అందరికంటే ఎక్కువ నవ్విస్తాడు. సొంతవాళ్లను వదిలి ఎదుటివాళ్లనే నవ్వుకునే హాస్యాన్ని ఎవరూ ఎక్కువకాలం నమ్మరు.

మీనాక్షి విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధ తీరలేదు. లుబ్ధావధాన్ల వితంతు కూతురు ఆమె. రామప్ప పంతులు వాడుకుని వదిలేసిన మనిషి. మధురవాణికీ పూటకూళ్లమ్మకూ దొరికిన మాట ఆమెకు దొరకలేదు. ఆమె మీద పడే నవ్వులో కొంచెం కసాయితనం ఉంది. ఇంకోసారి రాసి ఉంటే ఆమె కూడా నోరు విప్పేదని అనిపిస్తుంది. ప్రదర్శనల్లో ఆమె సన్నివేశాల దగ్గర జనం నవ్వుతుంటే నేను నవ్వలేను.

యాస సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది మా నేల గాయం. గురజాడ ఏ ప్రాంతపు మాటతో ఇంత పెద్ద నాటకం నడిపాడో, ఆ ఉత్తరాంధ్ర మాటను మన సినిమాలు పనివాళ్లకూ అమాయకులకూ అంటగట్టాయి. తెలంగాణ మాటను రౌడీలకూ హాస్యగాళ్లకూ ఇచ్చాయి. తెలంగాణ ఉద్యమకాలంలో ఆ కోపం బాహాటంగా బయటికి వచ్చినప్పుడు కొందరు, "హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి" అన్నారు. దశాబ్దాల పాటు ఒక ప్రాంతం తన అమ్మ మాటను తెర మీద నవ్వులాటగా వినాల్సి వచ్చింది. వాళ్లు చెప్పిన విమర్శ సరైనది. ఆ తర్వాత ఆ యాసలోనే నాయకుడూ నాయికా ప్రేమించుకునే సినిమాలు వచ్చాయి, ఆడాయి, వాటిలో హాస్యం కూడా బ్రహ్మాండంగా పండింది.

గజపతినగరం వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడి స్కిట్‌లో పనిమనిషి యాస తప్ప ఇంక నవ్వు లేదు. అతని ఇంట్లోనూ అదే మాట. అది తీసెయ్యమని నేను అనలేదు. ఆమె జీతం గురించి ఇంటావిడతో బేరమాడే ఘట్టం రాసుకు రమ్మన్నాను. రెండు వారాలు కనబడలేదు, కోపం వచ్చిందనుకున్నాను. తెచ్చిన కాగితంలో యాస అలాగే ఉంది, కానీ ఇంటావిడ చెప్పే ప్రతి లెక్కనూ ఆమె తన లెక్కతో తిప్పికొడుతోంది. పండగ ఇనాము దగ్గర నేను పగలబడి నవ్వాను. స్టేజీ మీద ఆడినప్పుడు మునుపు నవ్వినచోట జనం నవ్వలేదు, వేరేచోట నవ్వారు. అతను మొదట కంగారుపడ్డాడు. "పాత నవ్వు పోయింది మేడమ్" అన్నాడు. పోతుంది మరి.

ఇలాంటివాళ్లందరికీ నేను బంగోరె పేరు చెబుతాను. నెల్లూరు బండి గోపాలరెడ్డి, పాత కాగితాల కోసం ప్రాణం పెట్టిన పరిశోధకుడు. జనం మరిచిపోయిన 1897 నాటి కూర్పును వెతికి పట్టి, 1969లో మొట్టమొదటి కన్యాశుల్కం పేరుతో మళ్లీ అచ్చు వేయించాడు. అప్పటికి 1909 కూర్పు మహాకావ్యమై కూర్చుంది. దాని వెనక ఒక ప్రారంభ రచన ఉందని చాలామందికి పట్టలేదు. ఆయన ధర్మమా అని ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవచ్చు. మా ఇంటికి వచ్చే పిల్లల చేత నేను మధురవాణి మాటలు రెండు పుస్తకాల్లోంచీ వరసగా పైకి చదివిస్తాను. ముందు 1897, తర్వాత 1909. మధ్యలో నేనేమీ చెప్పను. చదవడం అయ్యాక వాళ్ల వాళ్ల స్కిట్లు తీసుకుని, అందులో ఎవరికి నోరు లేదో పెన్సిలుతో గుర్తు పెట్టమంటాను. వచ్చే ఆదివారం మీనాక్షి ఘట్టాలు చదవాలి.